సిలికాన్‌కూ సంయోజకత నాలుగే కదా, మరి కార్బన్‌కు మాత్రమే ఇన్ని సమ్మేళనాలు ఎందుకు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: "కార్బన్‌కు చతుస్సంయోజకత (నాలుగు బంధాలు కట్టగలగడం) ఉంది, శృంఖల సామర్థ్యం (తనలో తాను గొలుసు కట్టగలగడం) ఉంది, కాబట్టి లెక్కలేనన్ని సమ్మేళనాలు ఏర్పడతాయని పదో తరగతిలో చదివాను. సిలికాన్‌కూ సంయోజకత నాలుగే. అదీ తనలో తాను గొలుసు కట్టగలదు. మరి దానికి ఆ సంపద ఎందుకు దక్కలేదు?"

ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠం చెప్పే ఎవరైనా ఎదురుచూసే ప్రశ్న ఇది. పుస్తకంలో ఉన్న రెండు కారణాలూ నిజమే, కానీ వాటితో పని పూర్తి కాదు. గొలుసులు కట్టగలదు కాబట్టి గొలుసులు ఉన్నాయి అంటే ప్రశ్ననే తిప్పి చెప్పినట్టవుతుంది. ఒక మూలకానికి ఎన్ని సమ్మేళనాలు ఉంటాయన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. దానితో ఎన్ని రకాల అణువులు కట్టవచ్చన్నది మొదటిది. కట్టిన అణువు గాలిలో, నీటిలో, వెలుతురులో చెక్కుచెదరకుండా ఎంతకాలం నిలుస్తుందన్నది రెండోది. మన పాఠాలు మొదటిదాని గురించే చెబుతాయి. కార్బన్‌ను సిలికాన్ నుంచి వేరు చేసేది మాత్రం ప్రధానంగా రెండోదే అని నా అభిప్రాయం. ఈ రెండింటికీ మూలం ఒక్కచోటే ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

కార్బన్ పరమాణు సంఖ్య 6. లోపలి కర్పరంలో 2 ఎలక్ట్రాన్లు, బయట 4. ఆ బయటి కర్పరంలో ఉన్న ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు, ఒక్కోదానిలో రెండు పడతాయి) కూడా నాలుగే: ఒక 2ఎస్, మూడు 2పి. నాలుగు ఆర్బిటాళ్లకు నాలుగు ఎలక్ట్రాన్లు. అందువల్ల నాలుగు బంధాలు ఏర్పడిన తర్వాత కార్బన్ దగ్గర ఖాళీ ఆర్బిటాల్ ఒక్కటీ మిగలదు, బంధంలో పాల్గొనని ఒంటరి జంట ఒక్కటీ మిగలదు. ఆవర్తన పట్టికలో అదే వరుసలో ఉన్న ఇరుగుపొరుగును చూడండి. బోరాన్‌కు నాలుగు ఆర్బిటాళ్లున్నా ఎలక్ట్రాన్లు మూడే, ఒకటి ఖాళీగా ఉండిపోతుంది. నైట్రోజన్‌కు అయిదు, ఒక ఒంటరి జంట మిగులుతుంది. ఆక్సిజన్‌కు రెండు జంటలు, ఫ్లోరిన్‌కు మూడు. సరిగ్గా సరిపోయినది ఆ వరుసలో కార్బన్ ఒక్కటే.

ఇది ఎంత పెద్ద తేడా తెస్తుందో బంధ శక్తులు చెబుతాయి. ఒక మోల్ (అణువులను, బంధాలను లెక్కించే ఒక నిర్ణీత పెద్ద సంఖ్య) కార్బన్–కార్బన్ ఏకబంధాలను తెంచడానికి సుమారు 348 కిలోజౌళ్లు కావాలి. నైట్రోజన్–నైట్రోజన్ ఏకబంధానికి సుమారు 160, ఆక్సిజన్–ఆక్సిజన్‌కు సుమారు 146 చాలు. పక్కపక్క మూలకాలు, దాదాపు ఒకే పరిమాణం, అయినా బలం సగానికి పడిపోయింది. పక్కపక్కనే ఉన్న రెండు నైట్రోజన్ల మీది ఒంటరి జంటలు ఒకదాన్నొకటి నెట్టుకోవడమే ప్రధాన కారణం. పైగా నైట్రోజన్ గొలుసుకు ఎప్పుడూ ఒక ప్రలోభం ఉంటుంది. విడిపోయి నైట్రోజన్ వాయువుగా మారితే 945 కిలోజౌళ్ల త్రిబంధం దక్కుతుంది. అందుకే నైట్రోజన్లు వరుసగా చేరిన అణువులు ఎక్కువగా పేలుడు స్వభావంతో ఉంటాయి. కారు ఎయిర్‌బ్యాగును క్షణంలో ఉబ్బించడానికి మూడు నైట్రోజన్లు వరుసగా ఉన్న సోడియం ఎజైడ్‌ను వాడింది ఈ గుణం కోసమే. హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలోనే మెల్లగా విడిపోవడానికి కారణం కూడా ఆ బలహీనమైన ఆక్సిజన్ జంటే.

ఇక సిలికాన్ సంగతి. దాన్ని ఎవరూ ప్రయత్నించలేదని అనుకోకండి. 20వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ సిలికాన్ హైడ్రైడ్లను (హైడ్రోజన్‌తో కలిసిన సమ్మేళనాలను), బోరాన్ హైడ్రైడ్లను ఒక్కొక్కటిగా వేరుచేసి అధ్యయనం చేశాడు. గాలి సోకితే అవి అంటుకుంటాయి. అందుకని పూర్తిగా గాజుతో చేసిన, గాలి చొరబడని శూన్య పరికరాలను తానే రూపొందించుకున్నాడు. వాటిలోని పాదరసం ఆవిరి ఏళ్ల తరబడి పీల్చి ఆరోగ్యం దెబ్బతీసుకున్నాడు కూడా. అంత కష్టపడితే సిలికాన్ గొలుసు ఆరు పరమాణువుల దాకా వచ్చింది. అవే ఆరు కార్బన్ల గొలుసైతే హెక్సేన్. ప్రయోగశాలల్లో సీసాలకొద్దీ అలమారలో పెట్టుకునే మామూలు ద్రావణి అది.

మీథేన్‌ను గాలిలో కలిపి ఊరకే వదిలేస్తే ఏమీ జరగదు. నిప్పురవ్వ తగలాలి, లేదా ఉష్ణోగ్రత 540 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరాలి. సైలేన్‌లో కార్బన్ స్థానంలో సిలికాన్ ఉంటుంది, మిగతా నిర్మాణమంతా అదే. అది మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గరే గాలి తగలగానే మండుతుంది. ఒకే ఆకారం, ఒకే సంయోజకత. ఇంత తేడాకు కారణాలు రెండు.

మొదటిది బలాల లెక్క. సిలికాన్–సిలికాన్ బంధం సుమారు 226 కిలోజౌళ్లు, సిలికాన్–ఆక్సిజన్ బంధం సుమారు 450. అంటే ఆక్సిజన్ ఎదురైతే సిలికాన్‌కు తన జాతిని వదిలి దాన్ని పట్టుకోవడంలో రెట్టింపు లాభం. కార్బన్‌కు ఈ పక్షపాతం లేదు. కార్బన్–కార్బన్ 348, కార్బన్–ఆక్సిజన్ 358, కార్బన్–నైట్రోజన్ సుమారు 305, కార్బన్–హైడ్రోజన్ సుమారు 413. ఏకబంధాలన్నీ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి. అందువల్ల ఒకే అణువులో కార్బన్ వెన్నెముకగా నిలిచి, దాని మీద ఆక్సిజన్, నైట్రోజన్, సల్ఫర్, క్లోరిన్ ఏవైనా అక్కడక్కడా కూర్చోవచ్చు. ఎవరూ వెన్నెముకను విరిచేయరు. పాఠ్యపుస్తకాలు ఈ సమతూకానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వవని నా ఫిర్యాదు. ఎందుకంటే కార్బన్ సమ్మేళనాల్లో వైవిధ్యమంతా ఒట్టి గొలుసుల వల్ల వచ్చింది కాదు, గొలుసుకు తగిలించిన ప్రమేయ సమూహాల (గుణాన్ని నిర్ణయించే చిన్న పరమాణు గుంపుల) వల్ల వచ్చింది.

సిలికాన్ కొరత వల్ల వెనుకబడిందేమో అనే సందేహం ఇక్కడే తీర్చేయవచ్చు. భూపటలం బరువులో సుమారు 28 శాతం సిలికానే. కార్బన్ వాటా 0.1 శాతం కూడా లేదు. ఆ సిలికాన్ దాదాపు మొత్తం ఆక్సిజన్‌తో ముడిపడి ఇసుకగా, గ్రానైట్‌గా, బంకమట్టిగా ఉండిపోయింది. సిలికేట్లలోనూ గొలుసులు, పలకలు, త్రిమితీయ జాలకాలు ఉన్నాయి, వాటి అందం వాటిదే. అయితే అక్కడ గొలుసు కట్టేది సిలికాన్, ఆక్సిజన్ ఒకటి విడిచి ఒకటిగా చేరడం వల్ల.

రెండో కారణం మరీ ముఖ్యమైనది. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ కార్బన్ టెట్రాక్లోరైడ్. దాన్ని నీటిలో పోసి ఎంత కలిపినా ఏ చర్యా జరగదు, రెండు పొరలుగా విడిపోతుంది. ఒకప్పుడు డ్రైక్లీనింగ్‌లోనూ, మంటలార్పే పరికరాల్లోనూ దాన్ని వాడారంటే అంత నిబ్బరమైన ద్రవం కాబట్టే. సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ను నీటిలో పోస్తే బుసబుసమంటూ తెల్లని పొగలు లేస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది, సిలికా అడుగున చేరుతుంది. ఇందులో విశేషం ఏమిటంటే, శక్తి లెక్క ప్రకారం చూస్తే కార్బన్ టెట్రాక్లోరైడ్ కూడా నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ చర్యలోనూ శక్తి విడుదలవుతుంది. మరి ఎందుకు మారదు? నీటిలోని ఆక్సిజన్ తన ఒంటరి జంటతో వచ్చి మధ్య పరమాణువును తాకాలి. సిలికాన్ పెద్దది, చుట్టూ చోటుంది, తాత్కాలికంగా అయిదో బంధానికి కూడా తావిస్తుంది. కార్బన్ చిన్నది, దాని చుట్టూ నాలుగు క్లోరిన్లు కిక్కిరిసి ఉన్నాయి, ఎలక్ట్రాన్ జంటను అందుకోవడానికి అనువైన ఖాళీ ఆర్బిటాల్ లేదు. నాలుగు గోడలే తప్ప గుమ్మం లేని ఇల్లు అది. బయటివాడు లోపలికి రావాలంటే గోడ పగలగొట్టాలి, అంటే ఎక్కువ ఉత్తేజక శక్తి పెట్టాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ శక్తి దొరకదు.

కార్బన్ సమ్మేళనాల్లో చాలా భాగం ఈ కోవకే చెందుతాయి. శక్తిపరంగా చూస్తే అవి స్థిరమైనవి కావు. 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిలో కాగితం, కలప, నూనె, నూలు బట్ట, మన ఒళ్లు, ఇవన్నీ కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారిపోవాల్సినవే. ఆ మార్పు గది ఉష్ణోగ్రత దగ్గర లెక్కలోకి రానంత నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి అవి ఉన్నాయి, మనం ఉన్నాం. వజ్రం కూడా ఇంతే. సాధారణ పీడనం దగ్గర కార్బన్‌కు వజ్రం కంటే గ్రాఫైటే స్థిరమైన రూపాంతరం. తేడా మోల్‌కు సుమారు 3 కిలోజౌళ్లు. అయినా కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో తవ్వి తీసిన వజ్రాలు శతాబ్దాల తర్వాత కూడా వజ్రాలుగానే ఉన్నాయి. గ్రాఫైట్‌గా మారాలంటే నాలుగేసి గట్టి బంధాలను తెంచి మళ్లీ కట్టుకోవాలి, ఆ అడ్డంకిని దాటే శక్తి వాటికి అందదు.

బంధాలు రకరకాలుగా ఉండడం మూడో సంగతి. కార్బన్ చిన్న పరమాణువు కాబట్టి రెండు కార్బన్ల పి ఆర్బిటాళ్లు పక్కల నుంచి బాగా అతిపాతం చెందుతాయి, అంటే ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటాయి. దానివల్ల ద్విబంధాలు, త్రిబంధాలు గట్టిగా ఏర్పడతాయి. సిలికాన్‌లో పరమాణువుల మధ్య దూరం ఎక్కువ, పక్క అతిపాతం బలహీనం. సీసాలో నిలవ ఉంచగల సిలికాన్–సిలికాన్ ద్విబంధాన్ని 1981లో గానీ చేయలేకపోయారు. అమెరికాలో రాబర్ట్ వెస్ట్ బృందం దాని చుట్టూ పెద్ద పెద్ద సమూహాలను కాపలా పెట్టి సాధించింది. ఆక్సిజన్‌తో కట్టే బంధాల్లోనూ ఇదే తేడా. కార్బన్ డయాక్సైడ్‌లో ఒక్కో అణువు రెండు ద్విబంధాలతో విడిగా నిలబడగలదు, అందుకే అది మనం ఊపిరితో వదిలే వాయువు. సిలికాన్ డయాక్సైడ్‌లో ద్విబంధాలు లేవు. ప్రతి సిలికాన్ నాలుగు ఆక్సిజన్లకు ఏకబంధాలతో ముడిపడి మొత్తం ఒకే జాలకం అవుతుంది, అదే మన కాలి కింద ఇసుక.

ఏకబంధాలే ఉంటే కార్బన్ చుట్టూ చతుర్ముఖాకారం, ఒక ద్విబంధం ఉంటే సమతలం, త్రిబంధం ఉంటే సరళరేఖ. వీటిని కలుపుకుంటూ పోతే గొలుసులు, కొమ్మలు, వలయాలు, పంజరాలు అన్నీ వస్తాయి. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ గుర్తించిన 60 కార్బన్ల బంతి ఆకారపు అణువు కూడా ఇలాంటిదే. చతుర్ముఖాకారాన్ని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా ప్రతిపాదించారు. దానితోనే ఎడమచేయి, కుడిచేయి లాంటి ప్రతిబింబ అణువులు ఎందుకుంటాయో తేలింది.

ఇప్పుడు ఎన్ని రకాలుగా కట్టవచ్చో లెక్క చూద్దాం. ఒట్టి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే తీసుకోండి. వలయాలు వద్దు, ద్విబంధాలు వద్దు, ప్రతిబింబాల తేడా కూడా వద్దు. 4 కార్బన్లతో 2 అణువులు, 5తో 3, 6తో 5, 8తో 18, 10తో 75. 20 కార్బన్లకు వచ్చేసరికి 3,66,319. 30కి 411 కోట్లు దాటుతుంది. 40కి 62 లక్షల కోట్లు. ఈ లెక్కను మొదట పట్టుకున్నది ఇంగ్లండ్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త ఆర్థర్ కేలీ, 1870లలో. అంతటి మేధావీ 12, 13 కార్బన్ల దగ్గర తప్పు సంఖ్యలు ఇచ్చాడు. 1931లో హెంజ్, బ్లేర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మెరుగైన పద్ధతితో వాటిని మళ్లీ లెక్కగట్టారు. ఇవి కాగితం మీది అవకాశాలు మాత్రమే, వీటిలో కొన్నింటిలో సమూహాలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుపోతాయి, నిజంగా నిలవలేవు. అయినా ఒక్క ఆక్సిజన్ చేర్చినా, ఒక వలయం మూసినా ఈ సంఖ్యలు మళ్లీ ఎన్నో రెట్లవుతాయి. ఇప్పటిదాకా ప్రపంచం నమోదు చేసుకున్న రసాయన పదార్థాలు 20 కోట్లకు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం కార్బన్ ఉన్నవే.

ఇక్కడ కొందరు హైడ్రోజన్ సంగతి ఎత్తుతారు. దాదాపు ప్రతి కార్బన్ సమ్మేళనంలోనూ హైడ్రోజన్ ఉంటుంది కదా, మరి దానికి ఆ ఘనత ఎందుకు ఇవ్వరు అని. న్యాయమైన మాటే. కానీ హైడ్రోజన్ కట్టగలిగేది మామూలుగా ఒకే బంధం. అది చేరిన చోట గొలుసు ముగుస్తుంది. నిర్మాణాన్ని కొనసాగించేది కార్బన్, హైడ్రోజన్ దాని చివరలను మూస్తుంది.

లెక్కలు చాలు, పదార్థాలను చూద్దాం. ఆరు కార్బన్ల బెంజీన్ వలయం తీసుకోండి. దాని మీద పక్కపక్కనే ఒక హైడ్రాక్సిల్ (OH), ఒక మిథాక్సీ (OCH₃) సమూహం పెట్టండి. ఇది మన వంటింట్లో అడుగడుగునా ఉండే తల. దీనికి తోక మారుస్తూ పోతే ఏమవుతుందో చూడండి. తోక ఒకే కార్బన్ ఉన్న ఆల్డిహైడ్ అయితే వెనిలిన్, ఐస్‌క్రీములోని వెనిలా వాసన. ద్విబంధం ఉన్న మూడు కార్బన్ల తోక అయితే యూజినాల్, లవంగం ఘాటు. పది కార్బన్ల తోక, మధ్యలో ఒక కీటోన్, ఒక హైడ్రాక్సిల్ ఉంటే జింజెరాల్, పచ్చి అల్లం మంట. తోకలో నైట్రోజన్ ఉన్న అమైడ్ బంధం, దాని వెనక కొమ్మ ఉన్న పొడవాటి గొలుసు ఉంటే క్యాప్సైసిన్, గుంటూరు మిరపకాయ కారం. అలాంటి రెండు తలలను ఏడు కార్బన్ల వంతెనతో కలిపితే కర్క్యుమిన్, పసుపు రంగు. అయిదింటిలోనూ ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే, మిరపలో అదనంగా ఒక్క నైట్రోజన్. తరగతిలో నేను ప్రమేయ సమూహాల పాఠం ఈ అయిదింటితోనే మొదలుపెడతాను. రుచి, వాసన, రంగు అన్నీ తెలిసినవే కావడం వల్ల నిర్మాణం మారితే గుణం మారుతుందన్న మాట పిల్లలకు వెంటనే అందుతుంది.

పరమాణువులన్నీ అవే ఉండి, అతుకు దిశ మాత్రం మారినా చాలు. వరి గింజలోని పిండి పదార్థం గ్లూకోజ్ అణువుల గొలుసు. వరిగడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ అణువుల గొలుసే. ఒకదానిలో అతుకు ఆల్ఫా దిశలో, రెండోదానిలో బీటా దిశలో ఉంటుంది. ఆ ఒక్క తేడాతో మొదటిది మనకు అన్నం అయింది, రెండోది మనకు అరగదు. పశువుల కడుపులోని సూక్ష్మజీవుల దగ్గర దాన్ని తెంచే ఎంజైములున్నాయి కాబట్టి అవి గడ్డి మేస్తాయి. అసలు గ్లూకోజ్ కూడా అలాంటి 16 సాదృశ్యకాల్లో ఒకటి, అన్నింటికీ ఒకే ఫార్ములా, ఒకే వరుస, తేడా అంతా నాలుగు కార్బన్ల దగ్గర సమూహాలు ఎటు తిరిగాయన్నదే.

మందుల విషయానికి వస్తే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణాలు విభజన చెందడానికి అవసరమైన విటమిన్ అది. అందులో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్ సమూహాన్ని తీసి అమైనో సమూహాన్ని పెడితే వచ్చేది అమైనోప్టెరిన్. మిగతా అస్థిపంజరమంతా అదే. ఎంజైమ్ దాన్ని ఫోలిక్ ఆమ్లం అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలదు. కణ విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. దానికి ఇంకో మిథైల్ సమూహం చేర్చితే మెథోట్రెక్సేట్, క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ నేటికీ వాడుతున్న మందు. విటమిన్‌కూ దాని విరుగుడుకూ మధ్య తేడా ఒక్క చిన్న సమూహం! అస్థిపంజరాన్ని కదిలించకుండా ఒక మూలన మాత్రం మార్పు చేసే ఈ వెసులుబాటు కార్బన్ ఇచ్చిందే. నీటిలో, రక్తంలో వెన్నెముక విరగదన్న భరోసా లేకపోతే మందుల తయారీ అనే పనే ఉండేది కాదు.

చివరిగా ఒక షరతు చెప్పాలి, లేకపోతే జవాబు అసంపూర్ణం. కార్బన్ గొప్పతనం అన్ని పరిస్థితుల్లోనూ చెల్లదు. వెయ్యి డిగ్రీలకు వేడిచేస్తే మామూలు కార్బన్ గొలుసులు తునాతునకలవుతాయి, సిలికేట్లు మాత్రం చెక్కుచెదరవు. కొలిమికి లోపలి ఇటుకలను సిలికా, అల్యూమినా ఉన్న మట్టితో చేసేది అందుకే. సూర్యుడి ఉపరితల కాంతిని విశ్లేషిస్తే కార్బన్‌కు సంబంధించి కనిపించే అణువులు రెండేసి పరమాణువుల చిన్న ముక్కలే. అదే నక్షత్రాల మధ్య ఉండే అతి చల్లని మేఘాల్లో మూడు వందలకు పైగా అణువులను గుర్తించారు, వాటిలో ఆరు లేదా అంతకు మించి పరమాణువులున్న అణువుల్లో దాదాపు ప్రతిదానిలోనూ కార్బన్ ఉంది. సిలికాన్ అక్కడా ఉంది, కానీ ఎక్కువ భాగం ఆక్సిజన్‌తో ముడిపడి సిలికేట్ ధూళి రేణువుల్లోనే చిక్కుకుపోయి ఉంది.